నాంపల్లి నుంచి ఇందిరా పార్కు దాకా: పదిమందితో కలిసి చరిత్ర నడక ఎలా పెట్టాలి

మొదటిసారి జనాన్ని పోగేసి ఇలాంటి నడక పెట్టినప్పుడు అసెంబ్లీ ఎదురుగా ఫుట్‌పాత్ మీద నిలబడి ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాను. నాకు రెండే నిమిషాలు అనిపించింది. వెనకాల ఇద్దరు పిట్టగోడ మీద కూర్చుని ఫోన్లు తీశారు, ఒకావిడ మంచినీళ్ల బండి వెతుక్కుంటూ వెళ్లి అరగంట దాకా దొరకలేదు. ఆ రోజు అనుకున్న దాంట్లో సగం దారి కూడా నడవలేదు. అందుకే దారి గురించి చెప్పేముందు ఒక మాట: నోటితో చెప్పే చరిత్ర తగ్గించండి, వేలుపెట్టి చూపించేది పెంచండి. ఒక చోట ఆగితే ఒక వస్తువు, ఒక కథ, నాలుగు నిమిషాలు. అంతే. మిగతాది నడుస్తూ జనమే మాట్లాడుకుంటారు.

హైదరాబాద్‌లో ఇలాంటి నడకకు నాకు నచ్చిన దారి హుస్సేన్ సాగర్ చుట్టూ తిరిగేదే. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై గన్ పార్క్, లుంబినీ పార్క్, నెక్లెస్ రోడ్డు, సంజీవయ్య పార్క్, ట్యాంక్ బండ్ మీదుగా ఇందిరా పార్కులో ముగుస్తుంది. మొత్తం పది, పన్నెండు కిలోమీటర్ల మధ్య పడుతుంది. ఆగుతూ, కూర్చుంటూ వెళ్తే ఐదు గంటలు. చదును దారే, కొండలెక్కేది లేదు, కానీ ఎండ ఉంది. అసలు శత్రువు అదే.

ముందు రోజు ఎంచుకోండి

అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఏ ఆదివారమైనా సరే. మార్చి వస్తే ఉదయం తొమ్మిదికే నెక్లెస్ రోడ్డు మీద తల మాడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ దారి జోలికే పోవద్దు, ఎండతోపాటు సాగర్ వాసన కూడా తోడవుతుంది. వినాయక నిమజ్జనం రోజుల్లో ట్యాంక్ బండ్ మీద నడవడానికి కాదు కదా, నిలబడడానికే చోటుండదు. జూన్ 2న, అసెంబ్లీ సమావేశాలు నడిచే రోజుల్లో గన్ పార్క్ దగ్గర పోలీసు బందోబస్తు ఉంటుంది, పదిహేను మంది కలిసి ఆగితే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. అడిగితే విసుక్కోకుండా చెప్పండి. బ్యానర్లు, జెండాలు, ఒకే రంగు టీషర్టులు ఆ రోజుకు ఇంట్లో పెట్టండి. బ్యానర్ పట్టుకున్నారంటే మీరు నడక బృందం కాదు, ఊరేగింపు.

జనం పన్నెండు నుంచి పద్దెనిమిది మంది ఉంటే బాగుంటుంది. ఇరవై దాటితే రోడ్డు దాటడం పెద్ద పని, చివరివాళ్లకు మీ మాట వినపడదు. ఎక్కువమంది పేర్లిస్తే రెండు ఆదివారాలు పెట్టుకోండి. ‘ఈసారికి సర్దుకుందాం’ అంటే సర్దుకోదు, నేను చూశాను.

వాట్సాప్ గ్రూపులో పెట్టే మెసేజ్ చిన్నదిగా ఉండాలి. ఎక్కడ కలవాలి, ఎన్నింటికి, ఏం తెచ్చుకోవాలి, మధ్యలో మానేయాలంటే ఎలా. ఈ చివరి మాట చాలామంది రాయరు. ఈ దారిలో ఉన్న గొప్ప సౌకర్యమే అది. సాగర్ పడమటి, ఉత్తరపు ఒడ్ల వెంట ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్లు వరసగా ఉన్నాయి: ఖైరతాబాద్, నెక్లెస్ రోడ్, సంజీవయ్య పార్క్, జేమ్స్ స్ట్రీట్. మోకాలు నొప్పి అన్నవాళ్లు, పిల్లలు ఏడుపు మొదలుపెట్టినవాళ్లు అక్కడ దిగిపోవచ్చు. ఆదివారం రైళ్లు తక్కువ కాబట్టి టైమింగ్ ముందే చూసి గ్రూపులో పెట్టండి. ‘మానేయడం తప్పు కాదు’ అని ఒక లైను కలపండి. అది లేకపోతే పెద్దవాళ్లు మొహమాటానికి ఈడ్చుకుంటూ వస్తారు, సాయంత్రానికి మంచం పడతారు.

ప్రతి మనిషి పేరు, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు, బీపీ, షుగర్ లాంటివేమైనా ఉంటే ఆ సంగతి మీ దగ్గర కాగితం మీద ఉండాలి. ఫోన్లో కాదు, కాగితం మీదే. ఫోన్ చార్జింగ్ పది గంటలకల్లా అయిపోయేది ఎప్పుడూ మీదే.

ఒకసారి ఒంటరిగా నడిచి రండి

వారం ముందు అదే రోజు, అదే సమయానికి దారంతా నడవండి. ఈ నడకలో చూడాల్సింది కట్టడాలను కాదు, మూడు విషయాలను: బాత్రూములు, నీడ, గేట్లు.

బాత్రూము సంగతి ఆడవాళ్లను అడగండి, మగవాళ్ల లెక్కలు పనికిరావు. పబ్లిక్ గార్డెన్స్‌లో బయల్దేరేముందు, సంజీవయ్య పార్క్‌లో సగం దారికి, ఇందిరా పార్క్‌లో చివర. ఈ మూడు చోట్లా తలుపు తీసి చూసి, నీళ్లొస్తున్నాయో లేదో కుళాయి తిప్పి మరీ చూసుకోండి. పార్కులకు టికెట్టు ఎంతో, ఎన్నింటికి తెరుస్తారో గేటు దగ్గర బోర్డు ఫోటో తీసుకోండి, ఇవి మారుతుంటాయి. లుంబినీ పార్క్ పొద్దున్నే తెరవరు, మనం అక్కడికి చేరేసరికి గేటు మూసే ఉంటుంది. దాన్ని బయటి నుంచి చూసే చోటుగానే లెక్క వేసుకోండి.

నీడ గురించి: మీరు కథ చెప్పేచోట జనం ముఖాల మీద ఎండ పడకూడదు. ఎండ మీ ముఖం మీద పడినా పర్లేదు. నాలుగు నిమిషాలే కదా, భరించండి.

కథల్ని కూడా ఈ నడకలోనే పరీక్షించుకోవాలి. ఇంట్లో చదువుకున్నప్పుడు గొప్పగా అనిపించిన సంగతి అక్కడికెళ్తే చూపించడానికి ఏమీ లేకుండా పోతుంది. అలాంటిది కొట్టేయండి. వాట్సాప్‌లో వచ్చినవి ఒక్కటీ నమ్మొద్దు. జనం నోట్లో నడిచే కథ అయితే ‘అంటారు’ అని చెప్పి చెప్పండి. కథ కథే, తప్పేం లేదు, తారీఖుతో కలిపి మాత్రం కుట్టొద్దు.

మనుషుల్ని సర్దుకోవడం

ముందు ఒకరు, చివర ఒకరు. ముందు నడిచేవాళ్లకు దారి తెలియాలి, చివర నడిచేవాళ్లకు ఓపిక తెలియాలి. మా గుంపులో చివరి మనిషిని ‘గార్డు’ అంటాం, రైల్లో గార్డు లాగా. గార్డు రాకుండా బండి కదలదు. గార్డు దగ్గర ఒక విజిల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, బ్యాండేజీ, గ్లూకోజ్ బిస్కెట్లు ఉండాలి. కథ చెప్పే మనిషి ఈ రెండు పనులూ పెట్టుకోకూడదు. ఒకసారి నేనే ముందు నడుస్తూ, నేనే చెబుతూ, వెనక్కి తిరిగి చూస్తే సగం మంది సిగ్నల్ అవతలే ఉన్నారు.

ఆగిన ప్రతిచోటా కదిలే ముందు లెక్కపెట్టండి. గట్టిగా అంకెలు చెప్పించుకుంటే పిల్లలకు అదో ఆట.

పబ్లిక్ గార్డెన్స్: పొద్దున్న ఆరు

నాంపల్లి రైల్వే స్టేషన్, అసెంబ్లీ మెట్రో రెండూ దగ్గరే. ఆదివారం మెట్రో మొదలయ్యే సమయం ముందే చూసుకోండి, లేకపోతే సగం మంది ఆటోల్లో లేటుగా దిగుతారు. ఆరింటికి బయల్దేరాలంటే ‘ఐదూ నలభై ఐదు’ అని రాయండి. ‘ఆరు’ అని రాస్తే ఆరున్నర.

పాతవాళ్లు దీన్ని బాగే ఆమ్ అంటారు, అందరి తోట అని. ఇక్కడ చూపించడానికి ఎక్కువే ఉంది, అదే ప్రమాదం. జూబ్లీ హాలు, షాహీ మసీదు, లలిత కళా తోరణం, బాల భవన్, మ్యూజియం. అన్నీ చూపిస్తే ఎనిమిదవుతుంది. రెండే ఎంచుకోండి.

నేను జూబ్లీ హాలు దగ్గర ఆగుతాను. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911లో. పాతికేళ్ల పాలన వేడుకలు 1937లో జరిగాయి, ఈ హాలు పేరులో జూబ్లీ అదే. అక్కడి నుంచి పక్కకు తిరిగితే మ్యూజియం వైపు చెట్ల కింద రాతి విగ్రహాలు కనిపిస్తాయి. లోపల ఈజిప్టు మమ్మీ ఉంది, అజంతా చిత్రాల నకళ్ల గది ఉంది. పొద్దున్నే తెరవరు కాబట్టి ‘మళ్లీ ఒకరోజు పిల్లల్ని తీసుకుని రండి, శుక్రవారం మాత్రం వద్దు, సెలవు’ అని చెప్పి వదిలేయండి. మమ్మీ అన్న మాట వినగానే పిల్లలు అక్కడే పాతుకుపోతారు, గార్డును అప్రమత్తం చేయండి.

ఇక్కడ రోజూ నడిచేవాళ్లు చాలామంది. ముప్పై, నలభై ఏళ్లుగా వస్తున్నవాళ్లు ఉన్నారు. మీరు గుంపుగా నిలబడి చెప్తుంటే వాళ్లలో ఒకరు ఆగి వింటారు. ఒకసారి ఒక పెద్దాయన విని, “బాబూ, అంతా చెప్పినవ్ గానీ ఈ చెట్టు సంగతి చెప్పలే” అన్నాడు. తర్వాత ఐదు నిమిషాలు ఆ చెట్టు కింద తాను చిన్నప్పుడు గోలీలాడిన సంగతి చెప్పాడు. నేను చెప్పిన జూబ్లీ హాలు ఎవరికీ గుర్తులేదు, ఆ చెట్టు అందరికీ గుర్తుంది. అలాంటివాళ్లు దొరికితే మీ కథ ఆపి వాళ్లకు చోటివ్వండి.

అసెంబ్లీ, గన్ పార్క్

గేటు దాటి రోడ్డు మీదకు వస్తే తెల్లటి అసెంబ్లీ భవనం. ఫుట్‌పాత్ మీద నుంచే చూడండి, భద్రత సిబ్బంది ఫోటోలు వద్దంటే వద్దు. ఇది మొదట అసెంబ్లీ కాదు, టౌన్ హాలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా నగరవాసులు కట్టించారు. 1905లో మొదలైంది, 1913కి పూర్తయింది. మధ్యలో 1911లోనే ఆయన పోయాడు. ఎవరి పుట్టినరోజుకని కట్టారో ఆయన పూర్తయిన భవనం చూడనే లేదు. ఇంతవరకు చెప్పి ‘ఈయన్ని మళ్లీ పదింటికి కలుద్దాం’ అనండి. ఎందుకో ఇప్పుడే చెప్పొద్దు.

ఎదురుగా గన్ పార్క్. చిన్న పార్కే, దారి మొత్తంలో నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం ఇక్కడే. తెలంగాణ అమరవీరుల స్తూపం ఇది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కోసం కట్టింది. వాళ్లు 369 మంది అని ఉద్యమకారులు చెప్తారు. 1970లో శంకుస్థాపన జరిగింది, 1975కి పూర్తయింది. శిల్పి ఎక్కా యాదగిరిరావు.

ఇక్కడ ఉపన్యాసం వద్దు. దగ్గరికి తీసుకెళ్లి ‘మీకేం కనిపిస్తోందో చెప్పండి’ అని అడగండి. ముందు ఎర్రరాయి అంటారు. తర్వాత ఎవరో ఒకరు పీఠం మీద చిన్న చిన్న గుంటలు చూస్తారు. సాధారణంగా పిల్లలే చూస్తారు, వాళ్ల ఎత్తుకు అవి దగ్గర. ‘తూటాల దెబ్బల గుర్తు’ అని చెప్పగానే గుంపు ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది. అప్పుడు నడుమ ఉన్న స్తంభం మీద గీతలు లెక్కపెట్టమనండి. ఒక్కోవైపు తొమ్మిది. ఆ రోజుల్లో తెలంగాణలో జిల్లాలు తొమ్మిదే. మెడ ఎత్తి చూస్తే పైన పువ్వు. అంతే, ఇక మీరు నోరు మూసుకోండి.

ఒకసారి ఇలాగే ఆగితే, డెబ్బై దాటిన ఒకాయన వెనక నుంచి, “69ల నేను పీయూసీ చదువుతున్న. ఆ ఏడాది పరీక్షలే రాయలే” అన్నాడు. పక్కనే గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఒకమ్మాయి, “మా తాతయ్య వాళ్ల అన్నయ్య అప్పుడు ఇక్కడే పనిచేసేవారట, భయపడి ఊరికొచ్చేశారని మా ఇంట్లో చెప్పుకునేవారు అంకుల్” అంది. ఇద్దరూ సాగర్ ఒడ్డు దాకా పక్కపక్కనే నడుస్తూ మాట్లాడుకున్నారు. ఇలాంటి చోట మీరు తీర్పు చెప్పాల్సిన పనిలేదు. గొంతులు పెరిగితే మాత్రం ‘పదండి, పదండి, ఎండెక్కుతోంది’ అనండి. ఎండ ఎప్పుడూ మీ పక్షమే.

రోడ్లు దాటే కష్టం

గన్ పార్క్ నుంచి రవీంద్రభారతి పక్కగా సచివాలయం వైపు. రవీంద్రభారతి 1961లో రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతికి వచ్చింది, నడుస్తూనే చెప్పేయండి. తలెత్తితే నౌబత్ పహాడ్ మీద 1976లో వెలిసిన బిర్లా మందిరం పాలరాయి మెరుస్తుంటుంది. ఎక్కాలని ఎవరో ఒకరు అంటారు. ఎక్కొద్దు. ఎక్కితే గంట పోతుంది. నౌబత్ అంటే నగారా, ఆ కొండమీద నగారా మోగించి ఫర్మానాలు వినిపించేవారట అని చెబితే చాలు.

ఈ నడకలో నాకు టెన్షన్ పెట్టే ముక్క ఇదే. ఆదివారం పొద్దున ఖాళీ రోడ్లని బళ్లవాళ్లు ఆగరు. సిగ్నల్ దగ్గరే, అందరూ ఒక్కసారే దాటాలి. సగం మంది దాటాక లైటు మారితే మిగతావాళ్లు ఆగిపోవాలి, పరుగు పెట్టకూడదు. అవతలి వాళ్లు కదలకుండా నిలబడాలి. ఈ రెండు ముక్కలు పబ్లిక్ గార్డెన్స్‌లోనే చెప్పి ఉంచండి.

సాగర్ ఒడ్డు

సచివాలయం ముందుకు రాగానే ఒక్కసారి గాలి మారుతుంది. ఎడమా కుడీ అన్నీ కొత్త కట్టడాలే. స్టీలుతో ప్రమిద ఆకారంలో మెరిసే అమరజ్యోతి, డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సచివాలయం, ఇంకాస్త ముందుకెళ్తే 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం. మూడూ 2023లోనే ప్రారంభమయ్యాయి. గంట క్రితం గన్ పార్క్‌లో చూసిన చిన్న ఎర్రరాయి స్తూపాన్ని, ఈ పెద్ద ప్రమిదను పక్కపక్కన తలచుకోమనండి. నాకైతే ఆ చిన్నదే మనసుకు దగ్గర. మీ గుంపులో వేరేగా అనేవాళ్లుంటారు, అననివ్వండి.

లుంబినీ పార్క్ గేటు దగ్గర ఒక్క నిమిషం. 2007 ఆగస్టు 25 సాయంత్రం లేజర్ షో జరుగుతుండగా ఇక్కడ బాంబు పేలింది, అదే సాయంత్రం కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర ఇంకోటి. వివరాల్లోకి వెళ్లకండి. అప్పుడు ఈ ఊళ్లో ఉన్న ప్రతి మనిషికీ ఆ సాయంత్రం తానెక్కడున్నాడో గుర్తుంటుంది.

నెక్లెస్ రోడ్డు వైపు తిరిగాక నీళ్ల మధ్యలో బుద్ధుడు బాగా కనిపించే చోట, ఏదో ఒక చెట్టు నీడ చూసుకుని, అందరినీ కూర్చోబెట్టండి. బిస్కెట్లు, అరటిపండ్లు ఇక్కడే పంచండి. తొక్కలు వేయడానికి సంచి తెచ్చారా? నోళ్లు నిండాక చెప్పే కథ ఇది.

ఈ విగ్రహం ఒకే రాయి. యాభై ఎనిమిది అడుగుల ఎత్తు, మూడు వందల టన్నులకు పైగా బరువు. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఎన్టీఆర్‌కు వచ్చిన ఆలోచన, గణపతి స్థపతి చెక్కించారు. భువనగిరి దగ్గర రాయగిరి నుంచి రాయి వచ్చింది. 1990 మార్చి 10న బల్లకట్టు మీద నీళ్లలోకి తీసుకెళ్తుంటే బల్లకట్టు ఒరిగిపోయింది. విగ్రహం మునిగింది, మనుషులూ పోయారు. రెండేళ్లు దాటే దాకా బుద్ధుడు సాగర్ అడుగునే పడుకున్నాడు. 1992 డిసెంబర్ 1న పైకి తీసి నిలబెట్టారు. చెక్కు చెదరలేదు. మార్చి 10 అన్న తారీఖు గుర్తుపెట్టుకోమనండి. ఇది కూడా ట్యాంక్ బండ్ మీద పనికొస్తుంది.

తర్వాతి కిలోమీటరున్నర కథలేమీ వద్దు. నడక వేగం పెంచండి, చెమట పట్టనివ్వండి. పీవీ ఘాట్ వస్తుంది. 2004 డిసెంబర్‌లో పీవీ నరసింహారావు అంత్యక్రియలు ఢిల్లీలో కాకుండా ఇక్కడ జరిగాయి, ఇప్పుడు ఈ రోడ్డుకూ ఆయన పేరే. ఆ సంగతి తెలిసినవాళ్లే ఎక్కువమంది, ఒక దండం పెట్టుకుని కదలొచ్చు.

సంజీవయ్య పార్క్: ఇక్కడ పూర్తిగా ఆగండి

ఇది 90 ఎకరాలు దాటిన పార్కు. చేరేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిదవుతుంది. అరగంట ఆగాలి. బాత్రూములు, నీళ్లు, బూట్లు విప్పి కాళ్లు గాలికి పెట్టడం, అన్నీ ఇక్కడే. ఎవరికైనా బొబ్బలొచ్చాయా అని గార్డు ఒక్కొక్కరినీ అడగాలి. అడక్కపోతే ఎవరూ చెప్పరు. మానేసేవాళ్లను ఇక్కడి నుంచే ఎంఎంటీఎస్‌కు పంపండి, ఒక్కర్నే కాకుండా ఎవర్నైనా తోడిచ్చి.

పైన 291 అడుగుల స్తంభం మీద జాతీయ జెండా. 2016 జూన్ 2న ఎగరేశారు. కింద నుంచి చూస్తే జెండా ఎంత పెద్దదో తెలియదు, నేల మీద దాని నీడ కదులుతుంటే తెలుస్తుంది. నీడ దొరికిన రోజు అందరినీ అందులో నిలబెట్టి ఫోటో తీయండి.

పార్కు పేరున్న దామోదరం సంజీవయ్య గురించి రెండు నిమిషాలు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఈ పేరు రోజూ పలికేవాళ్లలో చాలామందికి ఆయనెవరో తెలియదు. కర్నూలు జిల్లా నుంచి వచ్చిన మనిషి. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే ఒక రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. ఈ మాట చెప్పినప్పుడు మా గుంపులో ఇరవై ఏళ్ల కుర్రాడు, “మరి మా స్కూలు పుస్తకంలో లేదే?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ట్యాంక్ బండ్: ఇక్కడ మీరు మాట్లాడకండి

పార్కు దాటి రాణీగంజ్ వైపు నుంచి కట్ట ఎక్కండి. ఎక్కగానే ఒక్క సంగతి: మనం ట్యాంక్ బండ్ అని ఇంగ్లిష్‌లో అంటున్నది ఉత్త చెరువు కట్టే. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో తవ్వించిన చెరువు ఇది. చార్మినార్ కట్టింది 1591లో. అంటే వయసులో ఊరికంటే చెరువే పెద్దది. మూసీ నుంచి కాలువ తీసి నింపారు. తవ్వకం పని చూసిన హుస్సేన్ షా వలీ పేరే జనం నోట నిలిచింది, రాజు పేరు నిలవలేదు. దాంతో రాజు తన పేరు నిలిచేలా ఇబ్రహీంపట్నంలో ఇంకో చెరువు తవ్వించుకున్నాడని అంటారు. ఉత్తరాన సికింద్రాబాద్, దక్షిణాన హైదరాబాద్, రెంటినీ కలిపింది ఈ కట్టే.

ఇక చెప్పే పని జనానిది. నడకకు నాలుగు రోజుల ముందే ఒక్కొక్కరికి ఒక్కో విగ్రహం పంచిపెట్టండి. ఎన్టీఆర్ హయాంలో పెట్టిన ముప్పైమూడు విగ్రహాలున్నాయి ఇక్కడ: మొల్ల, వేమన, పోతన, క్షేత్రయ్య, రుద్రమదేవి, తానీషా, ఆర్థర్ కాటన్, కందుకూరి వీరేశలింగం, శ్రీశ్రీ, మఖ్దూం మొహియుద్దీన్, ఇంకా ఎందరో. రోజూ బస్సులోంచి చూసేవే, ఎవరు ఎవరో మాత్రం తెలియదు. మీ విగ్రహం దగ్గరికి రాగానే ఒక్క నిమిషం మీరు మాట్లాడాలి, గడియారం పెట్టి మరీ. ఇదే నడకలో అందరికీ నచ్చే భాగం. మొహమాటస్తులు కూడా మాట్లాడతారు. రామదాసును గోల్కొండలో బందీగా పెట్టిన తానీషా విగ్రహం దగ్గర ఒక భద్రాచలం ఆవిడ నిమిషం కాదు, మూడు నిమిషాలు మాట్లాడింది. ఎవరూ ఆపలేదు.

మీ దగ్గర రెండు విగ్రహాలు ఉంచుకోండి. ఒకటి పింగళి వెంకయ్య. గంట క్రితం నీడలో నిలబడి ఫోటో దిగిన జెండాకు మూలమైన నమూనా 1921లో విజయవాడలో గాంధీజీకి చూపించింది ఈయనే. రెండోది మహబూబ్ అలీ ఖాన్. పొద్దున చూసిన టౌన్ హాలు పుట్టినరోజు మనిషి. జనం ఆయన్ని మహబూబ్ పాషా అనేవారు. పాము కరిస్తే ఆయన పేరు తలచుకుంటే విషం దిగుతుందని నమ్మేవారట. ‘పదింటికి కలుద్దాం’ అన్నది గుర్తున్నవాళ్లు నవ్వుతారు.

తారీఖు సంగతి కూడా ఇక్కడే. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్ రోజు ఈ విగ్రహాల్లో డజనుకు పైగా కూలిపోయాయి. తర్వాత మళ్లీ నిలబెట్టారు. బుద్ధుడు మునిగిందీ మార్చి 10నే. ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు, అయినా కట్ట మీద నిలబడి నీళ్ల వైపు ఒకసారి, విగ్రహాల వైపు ఒకసారి చూస్తారు జనం. విగ్రహాలు ఎందుకు కూలాయో, అది తప్పా ఒప్పా అన్న చర్చ వస్తుంది. గన్ పార్క్‌లో చెప్పిన చిట్కా ఇక్కడా పనిచేస్తుంది, పైగా ఇప్పుడు ఎండ నిజంగానే ఎక్కి ఉంటుంది.

ఇందిరా పార్కు

కట్ట దిగి లోయర్ ట్యాంక్ బండ్ వైపు వస్తే కట్ట మైసమ్మ గుడి. చెరువు ఉన్న ప్రతి ఊళ్లోనూ కట్టకు కాపలా ఒక మైసమ్మ ఉంటుంది, ఇంత పెద్ద కట్టకు ఉండదా? గుళ్లోకి వెళ్లేవాళ్లు వెళ్తారు, మిగతావాళ్లు బయట కొబ్బరి బొండాం తాగొచ్చు.

అక్కడి నుంచి ఇందిరా పార్కు దగ్గరే. డెబ్బై ఎకరాలకు పైనే, చెట్లు బాగా ఉన్నాయి. పక్కనే ధర్నా చౌక్, ఈ ఊళ్లో ఏదో ఒక కోరికతో అక్కడ టెంటు కింద కూర్చున్నవాళ్లు ప్రతి వీధిలో ఒకరైనా దొరుకుతారు. మీ గుంపులోనూ ఉంటారు, అడగండి. ఇంకేం చెప్పకండి, గడ్డి మీద పడుకోనివ్వండి.

చివరి లెక్క ఇక్కడ తీసుకోండి. కాగితం మీద ఒక్కొక్క పేరుకు టిక్కు పెట్టి, మధ్యలో రైలెక్కినవాళ్లకు ఫోన్ చేసి ఇంటికి చేరారో లేదో కనుక్కోండి. బాత్రూము సంగతి, ఎక్కడ ఎక్కువసేపు ఆగాం, ఎవరి మోకాలు ఎక్కడ మొరాయించింది, అన్నీ అదే కాగితం వెనక రాసుకోండి. వచ్చే నడకకు ఇంతకంటే మంచి నోట్సు ఉండదు.

తర్వాత చిక్కడపల్లి వైపు నడిస్తే టిఫిన్ సెంటర్లు. పదకొండు దాటితే ఇడ్లీ అయిపోతుంది, ఉప్మా పెసరట్టు మాత్రం దొరకొచ్చు. పద్దెనిమిది మంది ఒకేచోట కూర్చోవాలనుకోకండి, రెండు హోటళ్లకు చీలిపోండి. గార్డు రెండో హోటల్లో ఉండాలి.